సిస్టర్ల బడికి నెలకో వార్తల కాగితం: మొదలుపెట్టడం, ఆపకుండా నడపడం

మా షాపు సిస్టర్ల బడి గేటుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. జిరాక్స్, డీటీపీ, లామినేషన్, పరీక్షల ముందు అట్టలూ పెన్నులూ. 2022 జులైలో ఒకే వారంలో బడి నుంచి ఐదు నోటీసులు జిరాక్స్‌కి వచ్చాయి: పేరెంట్స్ మీటింగ్, కార్మెల్ మాత పండుగ, ఆధార్ అప్‌డేట్, కంటి పరీక్షల క్యాంపు, బెల్టులూ టైలూ వచ్చాయి తీసుకెళ్లండి అని. ఐదూ పిల్లల సంచుల్లోకి వెళ్లాయి, ఐదూ ఆ సంచుల అడుగునే పెన్సిల్ పొట్టుతో కలిసి నలిగిపోయాయి. మీటింగ్ రోజు పదకొండింటికి హెచ్.ఎం. సిస్టర్ గారు రోడ్డు దాటి వచ్చి "ఏం బాబూ, నువ్వు కూడా రాలేదే" అన్నారు. మా అమ్మాయి అప్పుడు రెండో తరగతి. నా చేత్తో నేను తీసిన కాగితం నా ఇంటికే చేరలేదు.

ఐదు నోటీసుల బదులు నెలకి ఒకే కాగితం వేద్దాం అన్న మాట ఆ రోజు షాపులో నిలబడే అనుకున్నాం. అప్పటి నుంచి సెలవులు పోను ప్రతి నెలా వస్తోంది. మాది పల్నాడు వైపు ఒక ఊరు, ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న ఆర్.సి.ఎం. (రోమన్ కథోలిక మిషన్) ప్రాథమిక పాఠశాల, నూట ఇరవై కుటుంబాలు. మీది కూడా ఇంచుమించు ఇలాంటి బడి అయితే, మీరు టీచరైనా, పేరెంటైనా, కొత్తగా ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన సిస్టర్ గారైనా, మేం పడ్డ తిప్పలు మీరు పడకుండా ఉండటానికి ఇది రాస్తున్నా.

ముందు అడగాల్సిన వాళ్లని అడగండి

మీ బడికి పెద్ద ఎవరో తెలుసుకోండి. మేత్రాసనం (బిషప్ గారి పరిధి) నడిపే బళ్లలో కరస్పాండెంట్, అంటే యాజమాన్యం తరఫున బడి చూసే పెద్ద, సాధారణంగా ఫాదర్ గారు. సిస్టర్ల సభ నడిపే బళ్లలో అయితే కాన్వెంట్ మదర్ గారు. హెచ్.ఎం. సిస్టర్ గారు సరే అన్నారు కదా అని మొదలుపెట్టేస్తే, రెండో నెలలో "నన్ను అడక్కుండా బడి పేరు మీద కాగితం ఏంటి" అని పైనుంచి మాట వస్తుంది. మాకు వచ్చింది. ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టి అడగండి, ఒక నోటుబుక్కులో నాలుగు లైన్లు రాయించి సంతకం తీసుకోండి: నెలకి ఒకటి, అచ్చుకి వెళ్లే ముందు ఫలానా వారు చూస్తారు, వారు ఊళ్లో లేకపోతే ఫలానా వారు చూస్తారు. ఈ చివరి మాట చాలా ముఖ్యం. మా మూడో సంచిక సిస్టర్ గారు ధ్యానానికి వెళ్లి ఎనిమిది రోజులు ఫోన్ ఎత్తకపోవడం వల్ల నెల దాటిపోయాక వచ్చింది.

సంతకం ఎందుకంటే, సిస్టర్లకి మే, జూన్ నెలల్లో ట్రాన్స్‌ఫర్లు అవుతుంటాయి. కొత్తగా వచ్చినవారికి ఈ కాగితం ఎవరిదో, ఎందుకో తెలీదు. నోటుబుక్కు చూపిస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది.

మనుషులు ముగ్గురు చాలు

సేకరించేవాళ్లు ఒకరు, టైప్ చేసేవాళ్లు ఒకరు, చివర చదివి తప్పులు పట్టేవాళ్లు ఒకరు. పదిమందితో కమిటీ వేస్తే మీటింగులు అవుతాయి, కాగితం రాదు. మా దగ్గర సేకరించేది మూడో తరగతి టీచరు, టైపింగ్ నాది, తప్పులు పట్టేది రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన మనవడు అదే బడిలో ఒకటో తరగతి. ఆయనకి ఒక్క కప్పు టీ చాలు, కానీ ఒత్తు తప్పు పోతే మాత్రం నన్ను బతకనివ్వరు.

వీళ్లు కాక ఐదో తరగతి నుంచి ఇద్దరు పిల్లల్ని విలేకరులుగా పెట్టుకోండి, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు, రెండు నెలలకోసారి మార్చండి. చిన్న నోటుబుక్కు, పెన్ను ఇచ్చి "ఈ నెల బడిలో నువ్వు ఇంటికెళ్లి అమ్మకి చెప్పిన సంగతులన్నీ రాయి" అనండి. "వార్తలు రాయి" అంటే పాఠంలోంచి దించి తెస్తారు.

అయితే అసలు విలేకరి ఆయమ్మ. ఏ పిల్ల కొత్తగా చేరింది, ఎవరికి తమ్ముడు పుట్టాడు, జామచెట్టు మీద చిలకలు ఎన్ని గుడ్లు పెట్టాయి, వాటర్ ట్యాంకు మూత ఎప్పుడు ఎగిరిపోయింది, అన్నీ ఆవిడకే తెలుసు. నెలాఖర్లో పావుగంట ఆవిడ దగ్గర కూర్చోండి. చెప్పినవాటిలో సగం అచ్చువేయలేనివి ఉంటాయి, అది వేరే విషయం. విచారణ (ఒక చర్చి పరిధి) కబుర్లకి ఉపదేశి గారిని, అంటే అక్కడ మతబోధ చెప్పే ఆయన్ని, అడగండి. ఫాదర్ గారు రెండు మూడు ఊళ్లు తిరుగుతారు, దొరకరు. ఉపదేశి గారు దొరుకుతారు.

క్యాలెండర్ ముందు వేసుకోండి, ఇక్కడే అసలు పని

మిషన్ బడికి రెండు క్యాలెండర్లు ఉంటాయి, ప్రభుత్వానిది ఒకటి, గుడిది (చర్చిది) ఒకటి. ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ ఢీకొంటాయో జూన్‌లోనే ఒక పెద్ద చార్టు మీద రాసి పెట్టుకుంటే ఏడాదంతా సగం టెన్షన్ తగ్గుతుంది. మాకు రెండేళ్లు పట్టింది ఈ సంగతి తెలియడానికి.

జూన్ 12న బడి తెరుస్తారు. జులై 16 కార్మెల్ మాత పండుగ, ఫిరంగిపురం వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, ఆ రోజు సగం బెంచీలు ఖాళీ. ఆగస్టు 15 చూడండి: స్వాతంత్ర్య దినోత్సవమూ అదే రోజు, మరియమాత మోక్షారోపణ పండుగా అదే రోజు. పూజ ఎన్ని గంటలకి, జెండా ఎన్ని గంటలకి అన్నది ఆగస్టు మొదటి వారం కాగితంలో పెద్ద అక్షరాలతో పడాలి, లేకపోతే ఫాదర్ గారు గుడిలో ఎదురుచూస్తుంటారు, సర్పంచ్ గారు జెండా స్తంభం దగ్గర ఎదురుచూస్తుంటారు, పిల్లలు మధ్యలో వీధిలో ఉంటారు. సెప్టెంబర్ 5 టీచర్స్ డే, మదర్ తెరెసా పండుగ కూడా ఆ రోజే, 1997లో ఆవిడ కన్నుమూసిన రోజు అది. మూడు రోజులకే, 8న, మరియమాత పుట్టిన పండుగ. వేళాంగణి వెళ్లే కుటుంబాలు ముందు వారమే బయల్దేరతాయి కాబట్టి యూనిట్ టెస్టు తేదీలు ఆ వారంలో పడకుండా ఎవరైనా గుర్తుచేస్తే మంచిది. అక్టోబర్ 1 చిన్న తెరేజమ్మ పండుగ, 2న గాంధీ జయంతి, అదే రోజు కావలి సన్మనస్కుల (కాపాడే దేవదూతల) పండుగ. అక్టోబర్ అంతా జపమాల నెల. నవంబర్ 1 సకల పునీతుల పండుగ, రాష్ట్రావతరణ దినం కూడా. మర్నాడు సమాధుల పండుగ, ఆ సాయంత్రం పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని పెద్దవాళ్లతో సమాధుల తోటకి వెళ్తారు, 3న బడికి ఆలస్యంగా వస్తారు. 14 బాలల దినోత్సవం. డిసెంబర్ సంగతి అందరికీ తెలుసు, స్టార్లు, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ, నాటకంలో దేవదూత వేషం ఎవరికి అన్న గొడవ.

సెలవుల దగ్గర ఇంకో చిక్కు ఉంది. మిషన్ బళ్లకి దసరా సెలవులు తక్కువ, క్రిస్మస్ సెలవులు ఎక్కువ. మిగతా బళ్లకి అది తిరగేసి ఉంటుంది. ఒక పిల్లవాడు సిస్టర్ల బడిలో, రెండోవాడు ప్రభుత్వ హైస్కూల్లో ఉన్న ఇంట్లో అమ్మమ్మగారి ఊరు ప్రయాణం ఏ రోజు పెట్టుకోవాలో తేల్చుకోలేక చస్తారు. అందుకే మా సెప్టెంబర్ సంచికలో రెండు రకాల బళ్ల సెలవులూ పక్కపక్కన రెండు గడుల్లో వేస్తాం. అన్నిటికన్నా ఎక్కువమంది దాచుకునే కాగితం అదే, గోడకి అంటించుకున్న ఇళ్లు చూశాను.

ఇక ఫిబ్రవరి. 9 నుంచి 11 దాకా గుణదల మాత ఉత్సవాలు (1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్స్‌లోని లూర్దులో బెర్నదెత్ అనే అమ్మాయికి మరియమాత కనిపించిందని నమ్మిక, ఆ రోజే ఈ పండుగ). ఈ 2026లో అయితే ఫిబ్రవరి 15 ఆదివారం శివరాత్రి, కోటప్పకొండ తిరునాళ్లు. 18 విభూది బుధవారం, ఈస్టర్ ముందు ఉపవాసాలు మొదలయ్యే రోజు. 19 నుంచి రంజాన్ ఉపవాసాలు. ఒక్క పది రోజుల్లో ఊళ్లో ప్రతి ఇంటికీ ఏదో ఒకటి. మా టీచరు "ఈ నెల కాగితంలో అన్నీ ఒకే బాక్సులో వేద్దాం" అంటే వేశాం, గుణదల బస్సు టైము, కోటప్పకొండకి ప్రభ బయల్దేరే టైము, విభూది పూజ టైము వరసగా. ఈ మూడున్నరేళ్లలో ఏ సంచికకీ అన్ని ఫోన్లు రాలేదు. విభూది బుధవారం, ఈస్టర్ ఏటా తేదీ మారతాయని గుర్తుంచుకోండి: ఈ ఏడాది ఈస్టర్ ఏప్రిల్ 5, వచ్చే ఏడాది మార్చి 28. పాత చార్టు చూసి దించేయకండి.

కాగితంలో ఏది ఎక్కడ

ఒక ఏ4 కాగితం, మధ్యకి మడత, నాలుగు చిన్న పేజీలు. అంతకు మించొద్దు.

మొదటి పేజీలో తేదీలు మాత్రమే. హెచ్.ఎం. గారి సందేశం కాదు, ప్రార్థన కాదు, పునాది రాయి ఫోటో కాదు. తేదీ, వారం, టైము, పిల్లాడు ఏం తేవాలి, పెద్దవాళ్లు రావాలా వద్దా. వంట చేసుకుంటూ ఒక చేత్తో పట్టుకుని చూసే కాగితం ఇది, మొదటి పేజీ చూసి పక్కన పెట్టినా పని జరగాలి. మొదట్లో మేం పోపుగారి ఫోటో, పీఠాధిపతుల (బిషప్ గారి) ఫోటో, హెచ్.ఎం. గారి ఫోటో మూడూ మొదటి పేజీలో వేశాం. చూడ్డానికి పెళ్లి శుభలేఖలా ఉంది. మీటింగ్‌కి మాత్రం పదకొండు మంది వచ్చారు.

లోపలి రెండు పేజీలు పిల్లలవి, విచారణవి. నాలుగో పేజీలో ఇంటికి కావలసినవి: మధ్యాహ్న భోజనం మెనూ (నవ్వకండి, ఎక్కువమంది చదివేది ఇదే, గుడ్డు ఏ రోజో తెలిస్తే పిల్లాడు ఆ రోజు బడి మానడు), దొరికిన వస్తువులు, పేలు, గవదబిళ్లలు లాంటివి వస్తుంటే జాగ్రత్తలు, ఆధార్ లాంటి ప్రభుత్వ కాగితాల పనులు. దొరికిన వస్తువుల జాబితా తప్పకుండా వేయండి. "నీలం రంగు నీళ్ల సీసా, మూత మీద కోతి బొమ్మ, ఎడమకాలి చెప్పు ఒకటి, కుడిది ఎవరి దగ్గరుందో దయచేసి చెప్పగలరు" అని వేస్తే ఊరంతా చదివింది.

ప్రతి సంచికలో కనీసం ఇరవై మంది పిల్లల పేర్లు పడేలా చూసుకోండి. పుట్టినరోజుల జాబితాతోనే పదీ పన్నెండు వస్తాయి. ఏడాదిలో ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడి పేరూ రెండుసార్లయినా పడాలి, దానికోసం హాజరుపట్టీ జిరాక్స్ ఒకటి దగ్గర పెట్టుకుని టిక్కులు పెట్టుకోండి. లేకపోతే డాన్సు బాగా చేసే నలుగురి పేర్లే తిరిగి తిరిగి వస్తాయి. పేరు ఎలా రాయాలో ఇంట్లో వాళ్లని అడగండి. జోసఫ్, జోసెఫ్, జోజప్ప, మూడూ ఒకే పేరని మనం అనుకుంటాం, వాళ్లు అనుకోరు.

వార్త ఎలా రాయాలి

మనందరికీ ఒక జబ్బు ఉంది, పేపర్లో జిల్లా ఎడిషన్ చదివి చదివి వచ్చింది. "మా పాఠశాల యందు 15వ తేదీన స్వాతంత్ర్య దినోత్సవ వేడుకలు అంగరంగ వైభవంగా నిర్వహించబడినవి. ముఖ్య అతిథిగా విచ్చేసిన" అంటూ మొదలవుతుంది. మా మొదటి సంచిక అంతా ఇలాగే ఉంది. బడికి రాని వాళ్లకి దాన్నిబట్టి ఏమీ తెలీదు, వచ్చినవాళ్లకి చదవక్కర్లేదు.

అదే వార్త మరుసటి ఏడాది ఇలా రాశాం: "ఆగస్టు 15 పొద్దున జల్లు పడింది. జెండా తడిసి ముడి విడలేదు. ఐదో తరగతి ఫలానా అబ్బాయి స్తంభం పట్టుకుని గట్టిగా ఊపాడు. పూలన్నీ ఒక్కసారిగా హెచ్.ఎం. సిస్టర్ గారి తల మీద పడ్డాయి. ఆవిడే ముందు నవ్వారు. తర్వాత అందరికీ బూందీ పొట్లాలు." ఆ అబ్బాయి వాళ్ల నాన్న హైదరాబాద్‌లో మేస్త్రీ పని. ఆ కాగితం ఫోటో తీసి పంపించుకుని అక్కడ తోటివాళ్లందరికీ చూపించాడట.

కాబట్టి పిల్లలకి నేర్పండి, మీరూ పాటించండి: ఏం జరిగింది, ఎవరు చేశారు, ఒక్క చిన్న వివరం. ఐదారు లైన్లు. "ఘనంగా", "వైభవంగా", "విచ్చేసి", "ప్రసంగించారు" ఈ నాలుగూ కనిపిస్తే కొట్టేయండి. అతిథి ఎవరైనా ఒక్క లైను. అతిథికి కోపం వస్తే సిస్టర్ గారు చూసుకుంటారు, ఆ మాట నోటుబుక్కులో ముందే రాయించుకోండి.

పిల్లలు రాసింది మరీ దిద్దకండి. రెండో తరగతి పిల్ల "క్రిస్మస్ నాటకంలో నేను గొర్రెను. నాకు మాటలు లేవు. కానీ నేను రెండుసార్లు మే అన్నాను" అని రాసిస్తే తెలుగు మాస్టారు కూడా కలం కింద పెట్టేశారు.

ఏవి వేయకూడదు

చందాల జాబితా వేయకండి. మొదటి ఏడాది ఒక సంచికలో క్రిస్మస్ పశువుల పాకకి చందా ఇచ్చినవాళ్ల పేర్లు మొత్తాలతో సహా వేశాం, వెయ్యి ఇచ్చినాయన పైన, యాభై ఇచ్చినావిడ కింద. ఇరవై ఇచ్చిన ఒక పెద్దాయన పేరు టైపింగ్‌లో ఎగిరిపోయింది, పొరపాటు నాదే. ఆయన ఏమీ అనలేదు, ఆర్నెల్లు మా షాపు గడప తొక్కలేదు. అప్పటి నుంచి "అందరూ కలిసి ఇచ్చింది ఇంత, ఖర్చయింది ఇంత, మిగిలింది ఇంత" అని మూడంకెలు వేస్తాం, పేర్లు లేవు.

ఫీజు బాకీలు, ర్యాంకులు, ఎవరికి సాయం అందింది, ఎవరు బోర్డింగ్ పిల్లలు, ఎవరికి ఏ జబ్బు, ఇవేవీ వద్దు. "దాతల సాయంతో యూనిఫాం అందుకుంటున్న విద్యార్థులు" అని ఫోటో వేయమని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. యూనిఫాం కుట్టించినాయన మంచివారే కావచ్చు, కానీ ఆ ఫోటోలో ఉన్న పిల్ల మర్నాడు అదే బెంచీ మీద కూర్చోవాలి. వేయకండి. ఎన్ని జతలు వచ్చాయో రాయండి, చాలు.

ఫోటోల విషయంలో అడ్మిషన్ టైములోనే ఒక చిన్న ఫారం మీద తల్లిదండ్రుల సంతకం తీసుకోండి: కాగితంలో వేయొచ్చా, వాట్సాప్‌లో పెట్టొచ్చా, రెండూ విడివిడిగా. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. చట్టం పక్కన పెట్టినా, ఇంట్లో తగాదాలుండి పిల్లాడు ఏ ఊళ్లో ఏ బడిలో ఉన్నాడో రెండో వైపు తెలియకూడదనుకునే తల్లులు ఉంటారు, వాళ్లు నోరు తెరిచి చెప్పరు. ఫారం ఉంటే టిక్కు పెట్టకుండా వదిలేస్తారు, మీకు అర్థమవుతుంది.

మరణ వార్తలు ఇంట్లో వాళ్లని అడిగాకే. ఎన్నికల సంవత్సరంలో ఏ పార్టీ నాయకుడి శుభాకాంక్షలూ వద్దు, ఖర్చంతా నేనే పెట్టుకుంటా అన్నా సరే.

మాటల దగ్గర జాగ్రత్త

నేను క్రైస్తవుణ్ని కాదు. మా షాపులో వేంకటేశ్వర స్వామి పటం ఉంటుంది. మొదట్లో "విచారణ గురువులు" అని టైప్ చేయమంటే ఎవరి మీద ఏం విచారణ జరుగుతోందో అని కంగారుపడ్డాను. విచారణ అంటే ఒక గుడి పరిధి అట. మేత్రాసనం అంటే బిషప్ గారి పరిధి. మాస్ అంటే దివ్యబలిపూజ, మాటల్లో పూజ. చర్చిని వాళ్లు కూడా గుడి అనే అంటారు. పేపర్లలో బూడిద బుధవారం అని రాసినా ఇక్కడ విభూది బుధవారం అంటారు. ఈస్టర్ ముందు ఉపవాసాల రోజుల్ని శ్రమల దినాలు కాదు, తపస్సు కాలం అనాలి. సెయింట్ జోసెఫ్ గారు జోజప్ప గారు. ఈ మాటలు ఒక్కటి తప్పు పడినా కథోలిక కుటుంబాలకి ఇది తమ కాగితం అనిపించదు. ఉపదేశి గారి చేత ఒక పేజీ మాటల పట్టీ రాయించుకుని కంప్యూటర్ పక్కన అంటించుకోండి.

ఇంకోవైపు కథోలికులు కాని ఇళ్లు కూడా చదువుతాయి. మా బడిలో వాళ్లే ఎక్కువ. అందుకని కొత్త మాట వచ్చినచోట అదే వాక్యంలో అర్థమయ్యేలా రాయండి: "మూడు, నాలుగు తరగతుల కథోలిక పిల్లలు పదిమంది మొదటిసారి సత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే అప్పం, అందుకుంటున్నారు" అని. ఇంత చిన్న పిల్లలకే ఎందుకు అని అడిగేవాళ్లుంటారు; 1910లో పదో పయస్ పోపు ఆ వయసుని ఏడేళ్లకి తగ్గించారు, అంతకుముందు పెద్దయ్యాక ఇచ్చేవారు. ఇలాంటి చిన్న సంగతులు అందరూ ఇష్టంగా చదువుతారు.

పూజకీ, జపమాలకీ సంబంధించిన ఏ తేదీ పక్కనైనా "కథోలిక పిల్లలు" లేదా "రావాలనుకున్నవాళ్లు" అన్న మాట ఉండాలి. రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు ప్రకారం ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న బడిలో మైనరు పిల్లల్ని పెద్దవాళ్ల అనుమతి లేకుండా మతబోధకి, ప్రార్థనలకి కూర్చోమనకూడదు. మా బడిలో సత్యోపదేశం (కథోలిక మతబోధ) పీరియడ్‌లో మిగతా పిల్లలకి నీతి కథలు చెప్తారు. ఆ సంగతి కాగితంలో ఒకసారి వేశాక, గేటు దగ్గర గుసగుసగా అడిగేవాళ్లు తగ్గారు.

టైపింగ్, అచ్చు

ఇది నా పని కాబట్టి నాలుగు మాటలు ఎక్కువ చెప్తా. అను ఫాంట్లలో టైప్ చేయకండి. ప్రింట్ అందంగా వస్తుంది, కానీ అదే మ్యాటర్ వాట్సాప్‌లో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి, వచ్చే ఏడాది వెతుక్కోవాలన్నా దొరకదు. యూనికోడ్‌లో చేయండి, మండలి, ఎన్.టి.ఆర్., రామభద్ర ఫాంట్లు ఊరికే దొరుకుతాయి. లోపలి మ్యాటర్‌కి మండలి బాగుంటుంది, హెడ్డింగులకి రామభద్ర. సైజు 14 కంటే తగ్గించకండి, పిల్లల్ని చూసుకునేది సగం ఇళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు. పట్టకపోతే వార్త కొట్టేయండి, అక్షరం తగ్గించకండి. కంప్యూటర్ లేకపోతే ఫోన్లో నోటితో చెప్పి టైప్ చేయించినా సరిపోతుంది, ఒత్తులు మాత్రం చూసుకోవాలి.

పాత ఫైలు మీద కొత్తది టైప్ చేసే అలవాటు మానండి. 2024లో మొదటి సత్ప్రసాదం ఏప్రిల్ 28 ఆదివారం. నేను ముందు ఏడాది ఫైలు తెరిచి పేర్లు మార్చాను, తేదీ మార్చలేదు. "ఏప్రిల్ 30 ఆదివారం" అలాగే ఉండిపోయింది. ముందు ఏడాది 30 నిజంగానే ఆదివారం, 2024లో మంగళవారం. ముగ్గురం చదివాం, ముగ్గురికీ ఆదివారం అన్న మాటే కనిపించింది. ఒక పిల్ల నాయనమ్మ హైదరాబాద్ నుంచి 29న దిగింది, తెల్లగౌను కవర్లో పెట్టుకుని. పూజ అయిపోయి ఒక రోజు దాటింది. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అప్పటి నుంచి అచ్చుకి ముందు ఒకరు తేదీలు పైకి చదువుతారు, ఇంకొకరు గోడ క్యాలెండర్ మీద వేలు పెట్టి వారం చెప్తారు. మూడు నిమిషాల పని. తప్పు ఎలాగూ ఏదో ఒకటి పోతుంది, పోతే వచ్చే సంచిక మొదటి పేజీలో అడుగున "పోయిన నెల తప్పు" అని దిద్ది వేయండి, లోపలెక్కడో దాచకండి.

ఖర్చు: మా షాపులో టోకుగా అయితే వైపుకి రూపాయి. నూట ఇరవై కాగితాలు, రెండు వైపులు, 240 రూపాయలు. రంగుల్లో వద్దు. బడి సగం, విచారణ సగం పెట్టుకుంటాయి, కాగితం రిమ్ముకి కొరత వచ్చిన నెల నేను సర్దుతాను. షాపుల ప్రకటనలు తీసుకోవచ్చు గానీ, ఒకళ్లది వేస్తే ఎదురు షాపాయనది కూడా వేయాలి.

ఇంటికి చేరేలా చూడటం

పిల్లాడి సంచిలో పెట్టకండి. సాయంత్రం తీసుకెళ్లడానికి గేటు దగ్గరికి వచ్చే మనిషి చేతికివ్వండి, ఆటో అన్నలకి కూడా ఒక కట్ట ఇస్తే ఇంటి దగ్గర దింపేటప్పుడు ఇస్తారు. మీ బడిలో శనివారం నో బ్యాగ్ డే ఉంటే శుక్రవారమే పంచండి. మిగిలినవి ఆదివారం పూజ తర్వాత గుడి మెట్ల దగ్గర, సోమవారం పొద్దున పాలకేంద్రం దగ్గర. పాలు పోయడానికి వచ్చినవాళ్లు లైన్లో నిలబడి చదువుతారు, చదవనివాళ్లకి పక్కవాళ్లు చదివి చెప్తారు.

వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ పెడితే తెరిచేవాళ్లు తక్కువ, నాలుగు పేజీలూ నాలుగు ఫోటోలుగా పెట్టండి. గ్రూపులో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చండి, లేకపోతే గుడ్‌మార్నింగ్ గులాబీల కింద కాగితం కొట్టుకుపోతుంది.

చదవడం రాని ఇళ్లకి ఇవేవీ పనికిరావు. దానికి మేం చేసింది వాయిస్ మెసేజ్. ఐదో తరగతి పిల్ల ఒకతి ఆ నెల కాగితం మొత్తం మూడు నిమిషాల్లో చదువుతుంది, మొదట తేదీలు, తర్వాత కబుర్లు. స్టాఫ్‌రూములో ఫ్యాను ఆపి, తలుపు వేసి, ఫోన్లో రికార్డు చేస్తాం. మొదటిసారి మధ్యలో ఇంటర్వెల్ బెల్లు మోగింది, అలాగే పంపేశాం. ఇప్పుడు బెల్లు లేకపోతే "ఈసారి బెల్లు కొట్టలేదేంటి" అని అడుగుతున్నారు. ఒమన్‌లో పనిచేసే ఒక తల్లి ఆ మూడు నిమిషాలు వంటచేస్తూ వింటుందట, తన కూతురి పేరు వచ్చేచోట మళ్లీ వెనక్కి జరిపి వింటుందట. తరగతులవారీగా వంతులు పెట్టండి, గొంతు బాగున్న పిల్లనే ప్రతిసారీ పిలవకండి. నత్తి ఉన్న అబ్బాయి ఒకడు తనూ చదువుతానన్నాడు. నాలుగున్నర నిమిషాలు వచ్చింది, ఒక్క ముక్క కూడా కత్తిరించకుండా పంపాం.

ఏప్రిల్ వచ్చాక

ఏప్రిల్ సంచిక ఐదో తరగతి పిల్లలది. పేర్లన్నీ, ఒక్కొక్కరి కింద ఒక లైను, అది వాళ్లు చెప్పిందే రాయండి. ఏ హైస్కూల్లో చేరుతున్నారో వేయకండి, కొందరికి ఇంకా తేలదు, కొందరికి ఇష్టం లేనిచోట తేలుతుంది. సంవత్సరం మొత్తం సంచికలు రెండు సెట్లు కుట్టించి ఒకటి బడి బీరువాలో, ఒకటి ఫాదర్ గారి ఆఫీసులో పెట్టండి.

ఈసారి ఐదో తరగతిలో మా అమ్మాయి కూడా ఉంది. జూన్ నుంచి నేను ఈ బడి పేరెంటుని కాను. అందుకని జనవరి నుంచే ఒకటో తరగతి పిల్లాడి వాళ్లమ్మకి పని అప్పగిస్తున్నా, ఆవిడకి టైపింగ్ వచ్చు, ఓపిక ఉంది, కథోలిక మాటల పట్టీ చూడక్కర్లేదు కూడా. మీరూ వారసుల్ని ఒకటో రెండో తరగతి పేరెంట్స్‌లోంచే వెతుక్కోండి, కనీసం మూడేళ్లు దొరుకుతారు. ఫాంట్లు, ఫైళ్లు, ఫోటోల ఫారాలు, చార్టు, సంతకాల నోటుబుక్కు అన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది, మే నెల ట్రాన్స్‌ఫర్లకి ముందే హెచ్.ఎం. సిస్టర్ గారి ఎదురుగా చేతికివ్వండి. జిరాక్స్ మాత్రం నా దగ్గరే తీయించమని చెప్పాను, అదే రేటు.